పేరు చెబితేనే జీతం

ఈ దీవి రేవు పట్నం సువాలో పళ్ళ డాక్టరు దగ్గర జీతాలు పంచేవాణ్ణంటే మా మనవలు నన్నో పెద్ద గుమస్తా అనుకుంటారు. నా మొహం! జీతగాళ్ళమంతా కలిసి ఒక్క చాప మీద సరిపోయేవాళ్ళం. నెత్తుటి గుడ్డలుతికే చాకలాయన ఒకడు. రోగి కుర్చీలోంచి లేచి పారిపోకుండా భుజాలు అదిమిపట్టే కాయ్‌వీతి ఆయన ఒకడు. ఈ దేశపు మనిషిని మనవాళ్ళు అలాగే అంటారు. పన్ను తొలిచే మర తొక్కే మా తమ్ముడు ఒకడు. వీళ్ళందరి లెక్కా చూసి, అందరికీ పంచి, ఆఖర్న నా జీతం నేనే తీసుకుని నాకు నేనే దణ్ణం పెట్టుకునేవాణ్ణి.

ఆ మర సంగతి చెప్పాలి. ఇప్పట్లా కరెంటుది కాదు. కుట్టు మిషనుకి ఉన్నట్టే కింద తొక్కుడు పలక ఉండేది. కింద తొక్కుతుంటే పైన సూది గిర్రున తిరిగేది. మిగతా డాక్టర్లు తమ కాలితోనే తొక్కుకునేవారట గానీ మా దొరకి మోకాలు నొప్పి. అందుకని తొక్కడానికో మనిషి. రోగి గావుకేక పెట్టినా కాలు ఆగకూడదు. అది అందరివల్లా అయ్యే పని కాదు. నేనొకసారి తొక్కాను. రోగి 'అమ్మో' అనగానే నా కాలు ఆగిపోయింది. దొర నన్ను ఇంగ్లీషులో తిట్టాడు, నేను దొరని తెలుగులో తిట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అప్పుడూ ఇప్పుడూ. మళ్ళీ నన్ను ఆ పలక జోలికి రానివ్వలేదు.

మా తమ్ముడి కాలు మాత్రం ఆగేది కాదు. తమ్ముడంటే మా అమ్మ కడుపున పుట్టినవాడు కాదు, ఓడ తమ్ముడు. ఒప్పందం మీద కూలికి ఒకే ఓడెక్కాం, ఒకే మూలన పక్కపక్కన పడుకున్నాం. నా వాంతులు వాడు కడిగాడు, వాడివి నేను కడిగాను. ఇంతకన్నా రక్తసంబంధం ఏముంటుంది? నవువా చెరకు తోటలో గిరిమిట్టు, అంటే ఆ కూలి ఒప్పందం, తీరేదాకా ఒకే లైనులో ఉన్నాం. లైనంటే కూలీల కొట్టాల వరస. ఆ లైన్లోనే వాడు మా విశాఖపట్నం వైపు పిల్లని చూసుకుని పసుపుతాడు కట్టాడు. పంతులూ నేనే, పేరంటాలూ నేనే. ఆ పిల్ల నన్ను 'బావగారూ' అని పిలిచేది. అలా పిలిచినప్పుడల్లా నాకూ ఒక ఊరూ ఇల్లూ ఉన్నట్టే ఉండేది.

గిరిమిట్టు తీరాక సువా వచ్చాం. చిన్నప్పుడు వీధి బడిలో నేర్చిన లెక్కలు నాకు అక్కరకొచ్చాయి, వాడికి కాళ్ళు అక్కరకొచ్చాయి. ఇద్దరం ఒకే దొర కొలువులో చేరాం. ఇక్కడే నాకూ పెళ్ళయింది.

దొర మంచివాడే. చాదస్తం పాలు కాస్త ఎక్కువ. మా పేర్లు ఆయనకి నోరు తిరిగేవి కావు గానీ మా పళ్ళు మాత్రం కంఠతా వచ్చు. 'ఆ కింది వరస పుచ్చుపళ్ళవాణ్ణి పిలు' అనేవాడు చాకలాయన్ని. రోజంతా కేకేసి పిలుస్తాడు గనక ఒక్క మా తమ్ముడి పేరు మాత్రం నాలుక్కి పట్టుబడింది.

మొదట్లో జీతాలు శుక్రవారం ఇమ్మన్నాడు. నేను ససేమిరా అన్నాను. శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటిస్తామా? "లక్ష్మి ఎవరు? మన దగ్గర జీతానికి ఉందా?" అని దొర నా పుస్తకం పేజీలన్నీ తిరగేశాడు. ఆవిడ జీతానికి ఉండదు దొరా, దయ ఉంటే ఉంటుంది అని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి శనివారానికి ఒప్పుకున్నాడు. శనివారం పొద్దున వరండాలో బల్ల వేసేవాణ్ణి. దొర తన పళ్ళ కుర్చీని అక్కడికే ఈడ్పించుకుని, అందులో వెనక్కి వాలి చూస్తూ కూచునేవాడు. తాళం చెవి ఆయన దగ్గర, పెట్టె నా దగ్గర.

ఇలా సాఫీగా పోతుండగా చాకలాయన కాలికి పుండు పడింది. ఆ శనివారం రాలేదు. ఆయన బదులు మంచి చీర కట్టుకుని ఒకావిడ వచ్చింది, చాకలి భార్యనంటూ. "ఫలానా ఆయన భార్యవేనా?" అని పేరు నేనే అందించాను. ఆవిడ తలూపింది. డబ్బులిచ్చేశాను. తర్వాతి వారం చాకలాయన కుంటుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు. నీ పెళ్ళాం పట్టుకెళ్ళింది కదయ్యా అన్నాను.

"నాకు పెళ్ళాం ఉందా!" అన్నాడు. మొహం చింకిచేటంత అయింది. "జీతం పోతే పోయింది గానీ బాబూ, మనిషి ఎలాగుంటాది?"

ఆ రోజుల్లో లైన్లలో ఆడవాళ్ళు కరువు. పాపం, ఆయన జీతం సంగతి ఆ రోజంతా మళ్ళీ ఎత్తలేదు. దొర మాత్రం మండిపడ్డాడు. అప్పటికప్పుడు ఒక నియమం పెట్టాడు. ఒకరి జీతం ఇంకొకరు తీసుకోవాలంటే, వచ్చినవాళ్ళే ఆ మనిషి పేరు తమ నోటితో చెప్పాలి. నేను అందించకూడదు, సైగ చెయ్యకూడదు, దగ్గకూడదు. దొర స్వయంగా వినాలి. పళ్ళ డాక్టరు కదా, ఆయన చూపెప్పుడూ మనిషి పెదాల మీదే. నేను సరేనన్నాను. ఆ నియమం ఎవరి మెడకి చుట్టుకుంటుందో నాకప్పుడు తట్టలేదు.

కొన్నాళ్ళకి నవువా మిల్లు దొరల పళ్ళు చూడ్డానికి దొర మరని లాంచీ ఎక్కించుకుని వెళ్ళాడు. వెంట మా తమ్ముడు. తిరిగొచ్చేటప్పుడు మర వచ్చింది గానీ వాడు రాలేదు. అక్కడ జ్వరం తగిలి లేవలేకపోతే తోట ఆస్పత్రిలో చేర్పించి వచ్చానన్నాడు దొర. నాలుగు రోజుల్లో లేచి వస్తాడనుకున్నాం. దొర మోకాలు పట్టుకుని మూలుగుతూ తనే మర తొక్కుకున్నాడు. రోగీ కేకలే, డాక్టరూ కేకలే.

శనివారం పొద్దున నేను బల్ల వేసి చాకలాయనకీ కాయ్‌వీతి ఆయనకీ ఇచ్చేశాను. చాకలాయన వెళ్ళిపోయాడు. అంతలో మా మరదలు పరుగున వచ్చింది. కొంగు జారిపోతోంది, కాళ్ళు మోకాళ్ళదాకా బురద. నవువా నుంచి వచ్చిన లాంచీ మనిషి కబురు చెప్పాడట. జ్వరం తలకెక్కింది, మనుషుల్ని పోల్చుకోవడం లేదు, చూడాలనుకుంటే వెంటనే రమ్మన్నారు. ఆ లాంచీయే ఇంకాసేపట్లో పోటుకి తిరిగి వెళ్ళిపోతోంది. మళ్ళీ సోమవారం దాకా ఇంకొకటి లేదు.

"ఆయన జీతం ఇప్పించండి బావగారూ. లాంచీకి కట్టి ఎల్లిపోతాను. సోమారం దాకా ఆయనుంటారో ఉండరో."

పెట్టెలో వాడి డబ్బు వేరుగా మూటకట్టి ఉంది. చెయ్యి పెట్టబోయాను.

"ఆగు," అన్నాడు దొర. ఆవిణ్ణి ఎప్పుడూ చూసినవాడు కాదు. "ఎవరీమె?"

మా తమ్ముడి భార్య అన్నాను.

"నీకు ఓడంతా తమ్ముళ్ళే. నీ మాట మీద ఇంకో పెళ్ళాన్ని నమ్మను," అని ఆవిడవైపు తిరిగి లైన్ల హిందీలో అడిగాడు. "నామ్ బోలో."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దొర మళ్ళీ అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆ ఊపు చూసి దొర మొహంలో, మళ్ళీ మోసమే, అన్న మాట కనబడింది. పెట్టె మూత తనే మూసి తాళం వేశాడు. నా జీతం కూడా అందులోనే ఉంది. విడిగా నా దగ్గరా, ఇంట్లోనూ కానీ లేదు. కాయ్‌వీతి ఆయన తన కాసులు చూపించి ఇవి చాలతాయా అన్నట్టు కనుబొమలెగరేశాడు గానీ, పాత బాకీ తీర్చగా మిగిలినవి అవి, లాంచీకి చాలవు.

నేను పేరు చెప్పబోతే దొర వేలెత్తి ఆపాడు. నేను చెబితే చెల్లదు. దొరకి మన ఆచారం విడమర్చి చెప్పాను. మొగుడి పేరు చెప్పని పెళ్ళాం ఎక్కడైనా ఉంటుందా అన్నాడాయన. ఆయన దేశంలో ఉండదట. నా కోపం ఆయన మీద తీర్చుకోలేక ఆ పిల్ల మీద పడ్డాను.

"ఒక్క ముక్క కదే తల్లీ! చెప్పెయ్యి. దేవుడేమీ అనుకోడు."

"దేవుడి సంగతి నాకొగ్గీయండి," అంది ఆవిడ. కళ్ళనిండా నీళ్ళు, గొంతు మాత్రం కర్రలా ఉంది. "ఆలి నోట మొగుడి పేరొస్తే ఆయుస్సు తరిగిపోదా? మంచిగున్ననాడే అనలేదు. పానం మీదకొచ్చిన్నాడు అంటానా? మీరైనా సెప్పండి బావగారూ, ఇయ్యాళ కాకపోతే మరే రోజు కాసుకోవాల ఆయన ఆయుస్సు?"

రేవులో లాంచీ ఒకసారి కూత వేసింది. అది మొదటి కూత. రెండో కూతకి తాడు విప్పేస్తారు.

ఆవిడ ఒక్కసారి చుట్టూ చూసింది. పళ్ళ కుర్చీని చూసింది, లోపల గోడ బల్ల మీద వరసగా ఉన్న పటకార్లని చూసింది, దొరని చూసింది. నేను తర్జుమా చేస్తే మళ్ళీ అనుమానపడతాడని కాబోలు, లైన్ల హిందీలోనే మొదలెట్టింది. ఇక్కడ మన మాటలో రాస్తున్నాను.

"పళ్ళ డాట్టరుకి పేరెందుకు? పళ్ళడగండి, సెప్తాను."

దొర వెనక్కి వాలినవాడు ముందుకు వంగాడు.

"మా ఇంటాయనకి పైవరసలో ముందు పళ్ళకి సందుంది. దాంట్లోంచే ఈల ఏసి పిలుస్తారు నన్ను." ఆవిడ తన నోట్లోనే వేలు పెట్టి చూపిస్తోంది. "కిందన కుడిపక్క దవడ పన్నుకి మీరే ఏదో నల్లటి మందు కూరినారు, ఊడిపోకుండా. ఆ రోజు ఆయన మీ ఏలు కొరికీసినారు. వారం దినాలు ఆ కొరుకుడు గురించే సెప్పుకుని నవ్వుకున్నారు."

దొర చూపు తన చూపుడు వేలు మీదికి పోయింది. మచ్చ అక్కడే ఉంది.

"దవడ పళ్ళు?" అన్నాడు. "వెనకవి?"

"అరిగిపోయినాయి. అరగవా మరి! నిద్దట్లో పళ్ళు కొరుకుతారు. తిరగలి ఇసిరినట్టే. పెళ్ళయిన కొత్తలో బయపడి లేచి కూకునేదాన్ని. ఇప్పుడా సప్పుడు లేకపోతే నాకు నిద్దరట్టదు. ఈ నాలుగు దినాలూ నాను పడుకోలేదు."

దొర లేచి నిలబడ్డాడు, మోకాలు నొప్పి కూడా మరిచిపోయి. "అందుకా!" అన్నాడు. అంత చిన్న వయసువాడికి ముసలివాడి దవడ పళ్ళేమిటా అని ఆయన ఎన్నాళ్ళుగానో బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాడట. ఎన్నోసార్లు వాణ్ణి అడిగాడు. వాడికి మాత్రం ఏం తెలుసు? నిద్రలో చేసే పని పక్కన పడుకున్నవాళ్ళకే కదా తెలిసేది.

తాళం తీసి మూట తనే ఆవిడ చేతిలో పెట్టాడు. పైన తన జేబులోంచి ఒక షిల్లింగు వేశాడు. "ఈమె భార్యే," అన్నాడు నాతో, నేనేదో కాదన్నట్టు! నాకు ఒళ్ళు మండిపోయింది గానీ తిట్టడానికి వేళ లేదు. రెండో కూత వినబడింది.

కాయ్‌వీతి ఆయన ముందు పరుగెత్తాడు. ఆయన కేకకి రేవులో కొంగలు లేచిపోయాయి. ఆ కేకకే లాంచీ మనిషి తాడు విప్పుతున్న చెయ్యి ఆపాడు. వెనక మా మరదలు, ఆవిడ వెనక ఎగరొప్పుకుంటూ నేను. రేవు నుంచి వేసిన చెక్క దాటి లాంచీలో కూలబడి ఆవిడ నావైపు చూసింది. ఏదో ఒకటి ధైర్యం చెబుదామనుకున్నాను. చెయ్యి మాత్రం ఊపాను. వాడు పోతే ఈ దేశంలో నన్ను 'అన్నా' అని పిలిచేదెవరు? అదే ఒక్కటే అనిపించింది, సిగ్గు లేకుండా.

ఆ తర్వాత కబురు లేదు. లాంచీ వచ్చినప్పుడల్లా రేవుకి పోయి అడిగేవాణ్ణి. ఆస్పత్రి సంగతి తెలియదనేవారు. దొర మర తొక్కుకుంటూ, "పళ్ళు కొరికేవాడి సంగతేమైనా తెలిసిందా?" అని పూటపూటా అడిగేవాడు. శనివారం వచ్చేసరికి వాడి జీతం కూడా లెక్కగట్టి మూట కట్టమన్నాడు. పనిలోకి రాలేదు కదా దొరా అంటే, "కట్టు" అన్నాడు. కట్టాను. అంతకు మించి ఏం చెయ్యాలో తోచక, దాని పక్కనే నా జీతంలోంచి ఒక షిల్లింగు పెట్టాను.

నియమం మాత్రం మారింది. ఇక మీదట పేర్లు అక్కర్లేదు, ఒకరి జీతం ఇంకొకరు తీసుకోవాలంటే పళ్ళు చెప్పాలన్నాడు దొర. దాంతో మావాళ్ళకి కొత్త రోగం పట్టుకుంది. కాయ్‌వీతి ఆయన వాళ్ళ యంగోనా వేరు కషాయం తాగుతూ చాకలాయన నోరు తెరిపించి చూసేవాడు, చాకలాయన ఆయన నోరు చూసేవాడు. రేపు జ్వరమొస్తే నా జీతం నువ్వు తేవాలి, సరిగ్గా చూసుకో అని ఒకరికొకరు బోధ. మా ఆవిడ కూడా ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "ఏదీ, ఒకసారి నోరు తెరవండి" అంది. నా నోరు మూయించడమే గానీ తెరిపించడం ఎరగదు ఆ మనిషి. మామూలుగా అయితే కడుపుబ్బ నవ్వేవాళ్ళం. మధ్యలో వాడు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయేది.

ఒక మూట రెండయింది, రెండు మూడయ్యాయి. ఇంకో శనివారం బల్ల వేస్తున్నాను. వీధిలోంచి సన్నగా ఈల వినబడింది.

నేను బల్ల మీద సిరా బుడ్డి దొర్లించేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. వాడే. గుండు, గుంటకళ్ళు, వేలాడే చొక్కా. భార్య భుజం పట్టుకుని నిలబడ్డాడు. "ఒరేయ్ వెధవా!" అన్నాను. అంతకన్నా మంచి మాట రాలేదు. వాటేసుకుని ఏడ్చేశాను. దొర వరండాలోంచి, "నోరు చూపించు, వాడో కాదో చూడాలి" అని కేకేశాడు. వాడు ఇకిలించాడు. సందు అక్కడే ఉంది.

పళ్ళ కుర్చీలో దొర వాణ్ణే కూర్చోబెట్టాడు. ఏం జరిగిందని నేనడిగితే మరదలు చెప్పింది.

"ఆస్పత్రి నిండా మంచాలే బావగారూ. అందరివీ గుండ్లే, అందరివీ ఒకటే దుప్పట్లు, మొకాలు పోల్చుకోలేం. అక్కడా పేరు సెప్పమన్నారు. సెప్పనన్నాను. అయితే ఎతుక్కో అన్నారు. నిలబడి ఇన్నాను. ఆ చివర్నుంచి తిరగలి సప్పుడు ఇనపడింది. ఆ సప్పుడెంట ఎల్లిపోయాను."

"నిన్ను పోల్చుకున్నాడా?"

"ఎక్కడ! కళ్ళు తెరవలేదు. తెల్లారేసరికి ఆ కొరుకుడు కూడా ఆగిపోనాది." ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ ఆగింది. "ఒళ్ళు సల్లబడిపోతంది. ఏమండీ అన్నాను, ఇదుగో అన్నాను. అలగని పిలిస్తే ఎప్పుడు పలికారు గనక! ఆస్పత్రి మనిషి నన్ను లెగమంటన్నాడు. ఇంక ఆ ఆయుస్సు దాసి ఎవులికెట్టాల అనిపించింది బావగారూ. సెవి కాడికి ఒంగి పేరెట్టి పిలిసీసినాను."

కుర్చీలోంచి మా తమ్ముడే అందుకున్నాడు, నీరసం గొంతుతో, అయినా పౌరుషంగా.

"సెవి కాడ కాదన్నా, ఆస్పత్రంతా ఇనపడీలాగ పిలిసింది. అంతమందిలోనీ, గొడ్లు కాసే గుంటణ్ణి పిలిసినట్టు! ఎవత్తె అది నన్ను పేరెట్టి పిలిసేది అని, తిడదామనే కళ్ళు తెరిసాను."

నేను దొరకి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత పెట్టె తెరిచి మూటలన్నీ బల్ల మీద పెట్టి, ఆవిడవైపు చూసి ముసిముసిగా నవ్వుతూ, "నామ్ బోలో," అన్నాడు.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ దినం ఆయన్లేక అన్నాను. ఇయ్యాళ ఎదురుగా ఉన్నారు కదా," అంది. "ఆయన్నే అడగమనండి."

మా తమ్ముడు కుర్చీలోంచి లేచి, తన పేరు తనే చెప్పుకుని జీతం తీసుకున్నాడు.